అమ్మ బెంగకు వంతులు

మా అపార్ట్‌మెంట్లో ఎవరికి పార్సిల్ వచ్చినా మా ఇంటి బెల్లే కొడతారు. మూడో అంతస్తు వాళ్ళు చెప్పులు తెప్పించుకున్నా, అయిదో అంతస్తు వాళ్ళు కుక్కకి స్వెట్టర్ తెప్పించుకున్నా (విశాఖపట్నంలో కుక్కకి స్వెట్టర్ ఎందుకో నన్నడక్కండి) అది ముందు మా హాల్లో ఒక పూట విశ్రాంతి తీసుకుని గానీ సొంతింటికి వెళ్ళదు. గ్యాసు బండలు, ఇస్త్రీ మూటలు, పనమ్మాయి కోసం వదిలే తాళాలు, ఊరెళ్తూ "కాసిన్ని నీళ్ళు పొయ్యండి చాలు" అని అప్పగించిన పూలకుండీలు, అన్నీ మా దగ్గరే. ఒకసారి రెండో అంతస్తు వాళ్ళ కొత్తల్లుడిని కూడా, అత్తగారు బజారు నుంచి వచ్చేదాకా, మా సోఫాలోనే పెట్టి వెళ్ళాడు వాచ్‌మన్. అల్లుడుగారు రెండుసార్లు కాఫీ తాగి, చక్కెర ఎక్కువైందన్నారు. కారణం అడిగితే అందరిదీ ఒకటే మాట. "మీ ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు కదండీ."

ఉంటాం. ఎందుకంటే మా అమ్మాయి తరణి బడికి వెళ్ళదు. ఇంట్లోనే చదువుకుంటుంది.

బడి మాన్పించడానికి పెద్ద సిద్ధాంతమేమీ లేదు. పరీక్షలో "కప్పకి ఎన్ని కాళ్ళు?" అని అడిగితే మా పిల్ల "ఏ వయసులో?" అని రాసింది. టీచరు సున్నా వేసింది. నా భార్య హైమ ఆ పేపరు పట్టుకుని బడికి వెళ్ళి, టీచరుతో తోకకప్పల గురించి మాట్లాడి, టీసీ తీసుకుని వచ్చింది. హైమది బ్యాంకు ఉద్యోగం. నేను ఇంట్లో కూచుని చిన్న చిన్న కొట్లవాళ్ళకి జీఎస్టీ లెక్కలు చూస్తాను. కాబట్టి మా బడికి ప్రిన్సిపాలు హైమ, టీచరు నేను, ప్యూను కూడా నేనే. చపాతీ వత్తితే జామెట్రీ, పులుసు మరిగితే కెమిస్ట్రీ, కుళాయి రాకపోతే సాంఘికశాస్త్రం.

మాలాంటి తల్లిదండ్రులకి ఫోన్లో ఒక గ్రూపుంది. పిల్లల్ని పోటీ నుంచి తప్పించడం ఆ గ్రూపు ఆశయం. ఎవరి పిల్లవాడు ఎక్కువ తప్పించుకున్నాడన్నది అందులో పోటీ. ఒకావిడ కొడుకు డాబా మీద తేనెటీగల్ని పెంచాడు. ఇంకొకాయన కూతురు సముద్రపు నీటిలోంచి ఉప్పు తీసి ఆ ఉప్పుతో ఆవకాయ పెట్టింది. మేం బంగాళాదుంపతో బల్బు వెలిగించిన ఫోటో పెట్టాం. ఎవరూ ఏమీ అనలేదు. ఆ మౌనం హైమ చాలాకాలం మర్చిపోలేదు.

ఇక మా అమ్మ సంగతి. పేరు సన్యాసమ్మ. మా నాన్న సీలేరు పవర్‌హౌస్‌లో ఆపరేటరు. మా అన్నయ్య కామేశం, అక్క వరాలు (మేం అప్ప అంటాం), నేను, ముగ్గురం ఆ కొండల్లో ప్రాజెక్టు క్వార్టర్లలోనే పెరిగాం. నాన్న పోయాక అమ్మకి వంతులు వేసుకున్నాం. ఎండాకాలం గాజువాకలో అన్నయ్య దగ్గర, వానాకాలం అనకాపల్లిలో అప్ప దగ్గర, చలికాలం మా దగ్గర. వాతావరణ శాఖ కన్నా ముందు అమ్మ సూట్‌కేసు చెప్పేది, ఋతువు మారిందని.

ఎవరింట్లో ఉన్నా అమ్మకి ఒకటే పని. చీరలు మడతపెట్టి సంచీలో సర్దుకుని గుమ్మం దగ్గర కూచునేది.

"ఎల్దారా చిన్నోడా?"

"ఎక్కడికమ్మా?"

"ఎల్దాం."

నేను లాప్‌టాప్ లోంచి తలెత్తకుండా, "సీలేరా? వచ్చే నెల చూద్దాంలే," అనేవాణ్ణి. అన్నయ్యా అప్పా కూడా అదే అనేవారు. మా ఇంట్లో వచ్చే నెల అనేది పాపం ఎంత బరువైనా మోస్తుంది.

తర్వాత అమ్మ అప్ప వాళ్ళింట్లో బాత్‌రూములో జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక లేవడానికీ కూచోడానికీ మనిషి కావాలి. అన్నయ్య ఇంటికీ అప్ప ఇంటికీ పగలంతా తాళమే. "మీ ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు గదరా," అన్నారు ఇద్దరూ. ఉన్నాను. మంచం మీంచి లేపబోయి అమ్మతోపాటు నేనూ కింద పడ్డాను. ఇద్దరం నేల మీద పడి ఉంటే తరణి వచ్చి, "నాన్నా, ఇది ఏ సబ్జెక్టు?" అంది.

అప్పుడు వెతికాం, చూసుకునే చోటు. వృద్ధాశ్రమం అనకూడదట. ఆ మాట అన్నవాడు కొడుకు కాదట. "సీనియర్ లివింగ్" అనాలని అన్నయ్య చెప్పాడు. అలా అంటే నలుగురూ ఏమీ అనుకోరు, పైగా అడ్రసు అడుగుతారు. భీమిలి దారిలో "పండువెన్నెల" అని ఒకటి దొరికింది. నర్సులు, ఫిజియోథెరపీ, కిటికీలోంచి సముద్రం. మా ముగ్గురికీ అక్కడే ఉండిపోవాలనిపించింది. అమ్మకి తప్ప. అమ్మ వాకర్ పట్టుకుని గేటు దాకా నడిచి, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూచుంది. అన్నం అక్కడికే తెచ్చినా తినలేదు. మేనేజరు ఫోన్ చేసి మర్యాదగా చెప్పింది. "బెంగ ఉన్నవాళ్ళని ఉంచుకోలేమండీ. చిక్కిపోతారు. ఆ బెంగ తీయించి తీసుకురండి."

తీయించుకు రావడమంటే పెదవాల్తేరులో ఒక పాత మేడ మీద, మనుషుల్లోంచి బెంగ బయటికి తీసే డాక్టర్ భానోజీ లాబరేటరీకి వెళ్ళడం. మేం వెళ్ళేసరికి ఆయన పెసరట్టు తింటూ ఎలకల్ని చూస్తున్నాడు.

"ఇది సూరమ్మ. అది దాని కూతురు నూకాలు. ఎలకలకి పేర్లు పెడితే ప్రయోగం చెడిపోతుందంటారు మాస్టారూ. పెట్టకపోతే నా బుర్ర చెడిపోతుంది."

సూరమ్మ బోనులో ఒక మూల కూచుని, ముక్కు కిటికీవైపు పెట్టి కదలడం లేదు. దాని పాత బోను ఒకప్పుడు ఆ కిటికీ దగ్గరుండేదట. ముందున్న వేరుశనగ గింజలు ఎండిపోయి ఉన్నాయి. నూకాలు ఈ బోనులోనే పుట్టింది. ఇవతల గెంతుతోంది. డాక్టరు రెండింటి తలలకీ అగ్గిపెట్టెంత టోపీలు తొడిగి, మీట నొక్కి, చట్నీ అందుకున్నాడు. కాసేపటికి సూరమ్మ ఒళ్ళు దులుపుకుని గింజల మీద పడింది. నూకాలు గెంతడం ఆపింది. మెల్లగా నడుచుకుంటూ ఆ మూలకే వెళ్ళి, తనెన్నడూ చూడని పాత బోను ఉన్నవైపే ముక్కు పెట్టి కూచుంది.

"తీసి పారెయ్యడం కుదరదాండీ?" అన్నాడు అన్నయ్య.

"చూశాం. మిషన్లో పెట్టి చూశాం, వేరే ఎలకలో పెట్టి చూశాం. నిలవదు, తిరిగి వచ్చేస్తుంది. సొంత రక్తం దొరికితేనే కుదురుకుంటుంది."

"అమ్మ అన్నీ మర్చిపోద్దా ఏటి?" అంది అప్ప.

"ఒక్కటీ మర్చిపోరు. కుక్కర్లోంచి ఆవిరి తీస్తే పప్పు పప్పుగానే ఉంటుంది కదమ్మా. చెప్పండి, ఎవరు పెట్టుకుంటారు?"

"నాకు బీపీ," అన్నాడు అన్నయ్య.

"నాకు అమ్మాయి నిశ్చితార్థం," అంది అప్ప.

"నాకు నెలాఖరు రిటర్నులు," అన్నాను నేను.

బోనులో సూరమ్మ గింజలు కొరుకుతున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది. చివరికి అన్నయ్యే గొంతు సవరించుకుని, "వంతులేసుకుందాం," అన్నాడు. అమ్మనే వంతులు వేసుకున్నవాళ్ళం, ఆవిడ బెంగ ఒక లెక్కా.

అమ్మకి పెద్ద టోపీ పెట్టారు. "జుట్టూడిపోదు గదా బాబూ," అనొక్కటే అడిగింది. పక్క కుర్చీలో అన్నయ్య కళ్ళు గట్టిగా మూసుకుని, ఇంజెక్షనుకి చెయ్యి చాచిన పిల్లాడిలా కూచున్నాడు. అయిపోయాక అమ్మ చుట్టూ చూసి, "ఆకలేస్తంది. ఈ పెసరట్టు ఎక్కడ దొరుకుద్ది?" అంది. అమ్మ తనంతట తను తిండి అడగడం విని ఎన్నాళ్ళయిందో. అప్ప ఏడ్చేసింది. అన్నయ్య కూడా ఏడ్చాడు. ఆయనది మాత్రం ఆగలేదు.

అన్నయ్య ఎండాకాలం పూర్తి చెయ్యలేకపోయాడు. ఆఫీసుకి సంచీ సర్దుకుని వెళ్ళేవాడట. బదిలీ అయిందనుకుని వాళ్ళు సన్మానం కూడా చేసేశారు. సాయంత్రాలు దగ్గర్లో ఉన్న బడి గేటు ముందు నిలబడి, గంట కొట్టాక బయటికొచ్చే పిల్లల మొహాలు ఒక్కొక్కటీ వెతికేవాడు. ఎవరో అనుమానపడి పోలీసులకి చెప్పారు. ఆ బెంగ వానలకి ముందే అప్పకి వెళ్ళింది. అమ్మాయి ఉద్యోగం వేరే ఊళ్ళో కాబట్టి అప్ప ఇంట్లో ఉండేది ఇద్దరే. అయిదుగురికి వండి, అయిదు కంచాలు పెట్టి, కూచునేది. బావ ఒక్కడే తిని తిని లావెక్కిపోయాడు. నిశ్చితార్థం దగ్గర పడుతోందని అప్పా ముందే తెచ్చి అప్పజెప్పింది. వంతు నాది.

లాబరేటరీలో నేను కుర్చీ ఎక్కబోతుంటే తరణి నా చొక్కా పట్టుకుంది.

"నాన్నా, నాకిస్తావా?"

"నీకెందుకే?"

"నాకెప్పుడూ బెంగ రాలేదు. బడికెళ్ళే పిల్లలందరికీ మొదటిరోజు వస్తుందట కదా, నాకు అప్పుడూ రాలేదు. ఇప్పుడేమో నువ్వెప్పుడూ ఇంట్లోనే ఉంటావు. నాకెలా వస్తుంది? ప్రాజెక్టు చేస్తాను."

హైమా నేనూ మొహాలు చూసుకున్నాం. తేనెటీగలు గుర్తొచ్చాయి. ఉప్పూ ఆవకాయా గుర్తొచ్చాయి. డాక్టర్ భానోజీ మొహం చిట్లించాడు.

"పిల్లల్లో ఇంతవరకూ ఎవరికీ చెయ్యలేదమ్మా."

ఆయన జాగ్రత్త చెప్పాడు. హైమకి "మొట్టమొదటి" అని వినబడింది. నాకూ అలాగే వినబడింది. మధ్యతరగతి వాళ్ళ ముందు ఎవరూ అలాంటి సంగతులు మాట్లాడకూడదు.

మొదట్లో బాగానే ఉంది. తరణి బొమ్మలు గీసింది, బెంగ శరీరంలో ఎక్కడెక్కడ ఉంటుందో రంగులేసింది. గొంతు దగ్గర ఊదారంగు, పొట్టలో బూడిదరంగు. గ్రూపులో పెడితే తేనెటీగలావిడ తనంతట తను మెచ్చుకుంది. హైమ ఆ మెప్పుని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంది.

తర్వాత పిల్ల పాలు మానేసింది. తర్వాత అన్నం కెలికి వదిలెయ్యడం మొదలుపెట్టింది. ఒకరోజు పాఠానికి పిలిస్తే పలకలేదు. వెళ్ళి చూస్తే, గౌన్లు మడతపెట్టి సంచీలో సర్దుకుని గుమ్మం దగ్గర కూచుని ఉంది.

"ఎక్కడికమ్మా?"

"తెలీదు నాన్నా. వెళ్దాం."

బెంగ వచ్చింది గానీ జ్ఞాపకాలు రాలేదు కదా. దేనికోసమో పిల్లకి తెలీదు. తెలిసినావిడ పండువెన్నెలలో ఉంది. వెళ్ళాం.

అమ్మ వరండాలో క్యారమ్స్ ఆడుతోంది. ఒళ్ళు చేసింది, బుగ్గలొచ్చాయి. మమ్మల్ని చూసి, "ఏటర్రా, ఇంత ఎండలో పడి వచ్చీసేరు? ఫోన్ చేస్తే సరిపోను," అంది.

"వచ్చి చాన్నాళ్ళయింది కదమ్మా."

"అవునేటి," అంటూ స్ట్రైకరు కొట్టింది. రెడ్డు పడింది.

ఒకప్పుడు నేను సీతమ్మధారలో మా ఇంట్లో తుమ్మితే ఈవిడ అనకాపల్లిలోంచి ఫోన్ చేసేది. "తిన్నావేటి, ఏం కూర, ఎండలో తిరక్కు" అని ఒకే మూడు ముక్కలు. ఆ ఫోన్ వస్తే నేను స్పీకర్లో పెట్టి ఊఁ కొడుతూ రిటర్నులు నింపుకునేవాణ్ణి. ఇప్పుడు నేనే చేస్తున్నాను. "తిన్నావామ్మా?" అంటే, "తినీసేను. పెట్టీనా? సీరియలొస్తంది," అంటుంది. కోపం లేదు, నిష్ఠూరం లేదు. గ్యాసు ఆఫీసువాళ్ళు కూడా అంత మర్యాదగా మాట్లాడరు. ఎక్కడా మనకోసం ఎవరూ ఎదురు చూడకపోవడమనేది ఎలా ఉంటుందంటే, మన బ్లడ్ గ్రూపు రద్దు చేసినట్టుంటుంది.

తరణి వెళ్ళి అమ్మ పక్కన బెంచీ మీద కూచుంది.

"మామ్మా, నీ బెంగ నా దగ్గరుంది. అది దేనికో చెప్పవా?"

"ఎలాగుంటాది?"

"ఏదో ఆలస్యమైపోతున్నట్టు ఉంటుంది. ఎవరో రావాలి, ఇంకా రాలేదు, చీకటి పడిపోతోంది అన్నట్టు."

అమ్మ స్ట్రైకరు పక్కన పెట్టింది. "సీలేరే అయ్యుంటాది. అందరూ అదే అంటారు గదా."

"నువ్వేమంటావు?"

"నాకిప్పుడు ఏటీ అనిపించదమ్మా. అనిపించినప్పుడు ఎవులూ అడగలేదు."

నేను వరండా చివరికి వెళ్ళి సముద్రం చూస్తున్నట్టు నిలబడ్డాను.

కానీ పిల్ల అడిగిన ప్రతిదానికీ అమ్మ జవాబు చెప్పింది. షిఫ్టు మారేటప్పుడు కొట్టే సైరను, రేకుల మీద వాన, పొద్దున్నే గుమ్మంలోకి వచ్చేసే మంచు, రాత్రంతా ఆగకుండా పవర్‌హౌస్ హోరు. బస్సు టైములు చెప్పినట్టు చెప్పింది. ఈవిడ దగ్గర అంతా ఉంది, బెంగ లేదు. ఆ పిల్ల దగ్గర బెంగ ఉంది, ఇంకేమీ లేదు. మధ్యలో క్యారమ్ బోర్డు ఉంది.

ఇక సీలేరు తీసుకెళ్ళక తప్పలేదు. ఎప్పటికైనా ఆ వచ్చే నెల రావాలి కదా. నర్సీపట్నం, చింతపల్లి మీదుగా ఆర్టీసీ బస్సు. దారి పొడుగునా తరణి పక్క సీటు తాతకి నీళ్ళలోంచి కరెంటు ఎలా పుడుతుందో చెప్పింది. బెంగతో చదివిన చదువు. నేను పదేళ్ళు చెప్పినా అంత రాదు. ఆ తాత దిగేటప్పుడు, "మీ పాప ఏ బడండీ?" అని అడిగాడు. జీవితంలో మొదటిసారి నాకు మా ఇంటి బడి గురించి గొప్పగా చెప్పాలనిపించలేదు.

మా పాత క్వార్టరులో వేరేవాళ్ళు ఉంటున్నారు. ఆ ఇల్లాలు మంచి మనిషి. టీ ఇచ్చి, కావలసినంత సేపు కూచోమంది. తరణి మెట్ల మీద కూచుని హోరు వింది. మంచు చూసింది. రేకులు చూసింది. నేను దాని మొహమే చూస్తూ ఉన్నాను, ఇప్పుడు కుదుటపడుతుంది, ఇప్పుడు ఆకలంటుంది అని.

"బాగుంది నాన్నా," అంది, చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు అన్నట్టు. "కానీ ఇది కాదు."

తిరుగు బస్సులో ఘాట్‌రోడ్డు మలుపులకి నాకు కునుకు పట్టింది. కళ్ళు తెరిచేసరికి తరణి నా మొహంలోకి వంగి చూస్తూ ఏడుస్తోంది.

"ఏమైందమ్మా?"

"నువ్వు నిద్రపోయినప్పుడు కొంచెం కనిపించావు నాన్నా. లేచాక మళ్ళీ వెళ్ళిపోయావు."

నాకు అర్థం కావడానికి చింతపల్లి దాకా పట్టింది. బడి గేటు దగ్గర అన్నయ్య వెతికిన మొహాలు ఎవరివో, అప్ప పెట్టిన అయిదు కంచాలు ఎవరికో, నిద్రపోతున్న నా మొహంలో తరణికి కనిపించిన పిల్లాడు ఎవరో అప్పుడు తెలిసింది. అమ్మకి సీలేరు మీద బెంగ కాదు. మా మీద. నిక్కర్లూ గౌనూ వేసుకుని, చీకటి పడినా ఇంటికి రాకుండా డ్యాము గట్టు మీద ఆడుకునే ముగ్గురి మీద. ఆ ముగ్గురూ పెద్దవాళ్ళయి, వంతుల ప్రకారం ఆవిడ ఎదురుగానే కూచుని రిటర్నులు నింపుకుంటూ ఉంటే, ఆవిడ వాళ్ళకోసమే సంచీ సర్దుకుంది. "ఎల్దారా చిన్నోడా" అంటే తనని తీసుకెళ్ళమని కాదు. నన్ను కూడా రమ్మని. అక్కడికి బస్సు లేదు.

పిల్ల చిక్కిపోతోంది. "నా మీద పెట్టెయ్యండి, నా వంతే కదా," అని డాక్టర్ భానోజీ దగ్గరికి పరిగెత్తాను. ఆయన తరణికి టోపీ పెట్టి తెర చూసి, చాలాసేపు పెసరట్టు ముట్టుకోలేదు.

"ఇందులో రెండున్నాయి మాస్టారూ. ఒకటి అమ్మగారిది. ఇంకోటి పాపదే, కొత్తది. ఇప్పుడే మొలిచింది."

"దానికి దేనిమీద బెంగ?"

"మీ ఇద్దరి మీద. మనుషులు కళ్ళెదుట ఉండగానే వెళ్ళిపోతారని తెలిసిపోయింది కదా పాపకి. మిమ్మల్ని చూస్తూనే మీ మీద బెంగ పెట్టుకుంది."

"అమ్మది ఒక్కటే తియ్యండి."

"పాలలో పాలు పోశాం. ఎవరి పాలు ఏవో నేను చెప్పలేను. తీస్తే రెండూ వస్తాయి. ఇంకా వేళ్ళూనలేదు గనక మీ అమ్మగారు తీసుకోవచ్చు, మీరు తీసుకోవచ్చు. పాపకి మాత్రం అది మళ్ళీ మొలవదు. పెద్ద ఎలకలకే మొలవలేదు."

"తీశాక పాప ఎలా ఉంటుంది?"

"మీ అమ్మగారు ఎలా ఉన్నారు?"

"బాగుంది."

"అలాగే బాగుంటుంది."

ఇంటికొచ్చి ఫోన్లో అందరం మాట్లాడుకున్నాం. "పిల్లలు దేనికైనా అలవాటు పడతారురా," అన్నాడు అన్నయ్య. "అమ్మకే ఇచ్చీ. మళ్ళీ నాకు మాత్రం వద్దు, నానోపలేను," అంది అప్ప. హైమ గ్రూపులోంచి బయటికి వచ్చేసి, బ్యాంకుకి సెలవు పెట్టి, పిల్ల వెనకాల గిన్నె పట్టుకుని తిరుగుతోంది. "తీయించెయ్. మనల్ని తలుచుకోకపోతే పీడాపాయె, అన్నం తింటే చాలు," అంది గట్టిగా. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి మీద ఏమీ లేకుండానే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసుకుని నిలబడింది.

అమ్మకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. శ్రద్ధగా వింది.

"నాదేనా అది? అయితే నాకిచ్చీండి. నా మూట పిల్లెందుకు మొయ్యాల?"

"నీకు మళ్ళీ కష్టమమ్మా."

"తెల్సురా. గేటు కాడ కూచోడం, అన్నం గొంతు దిగకపోడం, అన్నీ గురుతే. ఇక్కడ మళ్ళీ ఉంచరు, మీ ఇంటికొచ్చీయాలి. నువ్వు నన్ను లేపలేవు. అదీ గురుతే."

"మరి?"

"మరేటి. ఇప్పుడు నాకేటీ అనిపించదు గనక న్యాయం చెప్తన్నాను. అనిపించినప్పుడడిగితే ఇంకేటో చెప్తాను గావల." నా మొహం ఎగాదిగా చూసి, "నువ్వు చిన్నప్పుడు బలే ఉండేవోడివిరా," అంది. నేను ఆశగా తలెత్తాను. "పళ్ళు పుచ్చు," అంది.

తరణిని అడిగితే గుమ్మం దగ్గర నుంచి లేవకుండానే చెప్పింది. "తీసేస్తే నువ్వు బజారుకెళ్ళినప్పుడు నాకేమీ అనిపించదు కదా నాన్నా. అలా వద్దు. మామ్మకి ఇస్తే మామ్మ ఏడుస్తుంది. అదీ వద్దు."

"మరి నువ్వు తినట్లేదు కదే."

"తింటానులే."

అదీ సంగతి. అయ్యా, అమ్మా, ఈ కథ ఇంతవరకూ చదివారంటే మీకూ ఇంట్లో ఒక పెద్దావిడో ఒక చిన్నదో ఉండే ఉంటారు. కాస్త ఆలోచించి చెప్పండి. పిల్ల దగ్గరే ఉంచితే పిల్ల దక్కదు. అమ్మకిస్తే అమ్మకి మళ్ళీ ఆ గుమ్మమే, ఆ సంచీయే. అమ్మ ఫోన్ చేసి "తిన్నావేటి" అని అడుగుతుందని తలుచుకోగానే నా ప్రాణం లేచొస్తోంది. కాబట్టి నేను చెప్పే న్యాయం నేనే నమ్మలేను. పైగా ఆ ఫోన్ మోగిన రోజునుంచి నా కూతురు నన్ను గ్యాసు ఆఫీసువాణ్ణి చూసినట్టు మర్యాదగా చూస్తుంది. రెండూ కలిపి నేనే తీసుకుంటే ఇద్దరూ హాయిగా ఉంటారు. ఒకరు క్యారమ్స్ ఆడతారు, ఒకరు పాలు తాగుతారు. వాళ్ళిద్దరి తరఫునా నా మీద నేనే బెంగ పెట్టుకుని గుమ్మం దగ్గర నేనొక్కణ్ణే కూచుంటాను. అది కూడా నాకు సమ్మతమే. కానీ నన్ను అక్కడ కూచోబెట్టి, నావైపు చూసి ఏమీ అనిపించని మనిషిగా ఆ పిల్లని పెద్దదాన్ని చెయ్యొచ్చా? దానికి ముందుముందు ఎవరిమీదా బెంగ రాకపోతే, అది చదువుకున్నట్టా, లేనట్టా?

త్వరగా చెప్పండి. మేం ప్రస్తుతానికి ఒక ఉపాయం మీద నడుపుతున్నాం. అన్నం వేళకి హైమ పళ్ళెం తెచ్చి తరణి ముందు పెడుతుంది. నేను ఎదురుగా సోఫాలో వాలి, నోరు కొద్దిగా తెరిచి, కళ్ళు మూసుకుంటాను. కాసేపటికి చెంచా చప్పుడు వినిపిస్తుంది. నేను కదలకుండా ఉన్నంతసేపూ పిల్ల తింటుంది. పెరుగన్నం దాకా రావడానికి చాలాసేపు పడుతుంది. ముక్కు మీద ఈగ వాలినా నేను కళ్ళు తెరవను. ఇలా ఎన్నాళ్ళు నిద్ర నటించగలను, మీరే చెప్పండి.